కాంటా కాడ ఒక మాట, కూడికల ఒక మాట కాకుండ సువార్త చెప్పుడు ఎట్ల

నల్లగొండ, పాలమూరు దిక్కు ఊర్లల్ల ఉంటూ పక్కింటోళ్లకు యేసయ్య గురించి చెప్పాలని మనసుల ఉన్నా ఎట్ల మొదలుపెట్టాలో తెల్వక ఆగిపోయిన అన్నలకు అక్కలకు, అట్లనే ఏండ్ల సంది చెప్తున్నం గని ఎవ్వరు చెవిన పెడతలేరు అని బాధపడేటోళ్లకు ఇది రాస్తున్న. నేను పాస్టర్‌ను కాదు. సంఘంల పాటలు పాడుత, ఆదివారం పిల్లలకు కథలు చెప్త, మిగిలిన ఆరు రోజులు వడ్లు, పత్తి తూకం పని. నాకు తెలిసిన కాస్త ఆ తూకం కాడనే తెలిసింది, అందుకే అక్కడినుంచే మొదలుపెడత.

అప్పట్ల మా మండలంల ఒక వడ్ల వ్యాపారి దగ్గర కాంటా రాసేటోణ్ణి. 40 కిలోల బస్తాకు తేమ అని, తాలు అని, మట్టి అని కిలో, కిలోన్నర, ఒక్కోసారి రెండు కిలోలు తరుగు తీసేటోళ్లం. రైతుకు చెప్పి తీసేది కొంత, చెప్పకుండ తీసేది కొంత. సేటు చెప్పిండు నేను రాసిన, నాదేముంది అనుకునేటోణ్ణి. సాయంత్రం అదే ఊర్ల వేపచెట్టు కింద ప్రార్థన కూడిక పెడితే మైకు పట్టుకోని దేవుడు నా బతుకు మార్చిండు అని సాక్ష్యం చెప్పేది కూడ నేనే. ఒకరోజు పొద్దుగాల ఒక పెద్దమనిషి, వరుసకు నాకు కాక అయితడు, తన బస్తాలు కాంటా ఎక్కుతుంటే నంబర్ల దిక్కు చూడకుండ నా మొఖం దిక్కే చూస్తున్నడు. తూకం అంత అయినంక తువ్వాల దులిపి భుజం మీద ఏసుకోని మెల్లగ అడిగిండు, "బిడ్డా, రాత్రి నువ్వు చెప్పిన దేవుడు ఈడ కాంటా కాడ కూడ ఉంటడా?"

ఆయన గొంతుల కోపం లేదు. నిజంగ తెలుసుకుందామనే అడిగిండు. నాకు జవాబు రాలే, తల వంచుకోని చిట్టీ రాసిచ్చిన, ఆయన తీసుకోని పోయిండు. ఆ రాత్రి కూడికకు పోలేకపోయిన.

మొదటి పని: లెక్కలు సరిజేసుకోండి

సువార్త చెప్పుడు నోటితోని మొదలుకాదు, పాత బాకీలతోని మొదలైతది. లూకా 19ల జక్కయ్యను చూడండి, సుంకం వసూలు జేసేటోడు, యేసు ఆయన ఇంటికి పోయిండు, జక్కయ్య లేచి నిలబడి మొట్టమొదట మాట్లాడిందే లెక్క గురించి, ఆస్తిల సగం బీదలకు ఇస్త, ఎవరి దగ్గరన్న అన్యాయంగ తీసుకోని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్త అన్నడు. ఆయన ఊరోళ్లకు ప్రసంగం చెప్పినట్టు అక్కడ ఎక్కడ లేదు. సామెతలు 11:1ల దొంగ త్రాసు దేవునికి అసహ్యం అని సూటిగ ఉన్నది, యాకోబు 5:4ల చేను కోసిన కూలోళ్లకు ఇయ్యకుండ పట్టుకున్న కూలి మొరపెడుతుందని ఉన్నది. మన దిక్కు కూలి పైసలు ఆపుడు, పాలమూరు మేస్త్రీలు వలస పోయినోళ్ల లెక్కల గోల్‌మాల్ జేసుడు కొత్త సంగతి కాదు, ఆ పని జేసేటోళ్లల్ల ఆదివారం మందిరానికి వచ్చేటోళ్లు కూడ ఉన్నరని మనందరికి తెలుసు.

ఎట్ల జెయ్యాలె అంటే, ఒక నోటుబుక్కు తీసుకోండి, ఒక్కళ్లే కూసోని పేర్లు రాయండి. ఎవరికి పైసలు బాకీ ఉన్నరు, కిరాణం కొట్టుల ఖాతా ఎంత పేరుకుంది, చిట్టీ పాడుకోని కట్టకుండ ఆపింది ఏమన్న ఉందా, గెట్టు కాడ ఎవరిది రెండు సాళ్లు కలుపుకున్నరు, కోపంల ఎవర్ని ఏం మాట అన్నరు. పైసలు ఒక్కటే కాదు, మాటలు కూడ రాయండి. రాసినంక చిన్నదానితోని మొదలుపెట్టి ఒక్కొక్కరి ఇంటికి స్వయంగ పోండి. ఫోన్ల చెప్పొద్దు, వాట్సాప్ అసలే వద్దు.

పోయినప్పుడు సాకులు చెప్పకండి. సేటు చెప్పిండు, అందరు జేసేదే, అప్పుడు నాకు కష్టం ఉండె, ఇవి ఏవి వద్దు. తప్పు చేసిన, ఇదిగో ఇంత, మిగిలింది ఫలానా నెలల ఇస్త, అంతవరకే. ఇంకొక మాట, ఇది చాలా ముఖ్యం, ఆ రోజు ఆ ఇంట్ల సువార్త చెప్పకండి. మీరు బాకీ తీర్చుడు కూడ మతం కలుపుకోనీకే అని వాళ్లకు అనిపించొద్దు.

నేను రాస్తే 11 పేర్లు వచ్చినయి. ధాన్యం సేటుకు పోయింది గని ఆ సీజన్ల నాకిచ్చిన ఇనాం 12,000 ఉండె, అది నాది కాదని నాకు తెలుసు, 11 ఇండ్లకు పంచిన. ముగ్గురు తీసుకోలే. ఒకామె తీసుకోని దర్వాజ ఏసుకుంది, ఒక్క మాట మాట్లాడలే, అది ఆమె ఇష్టం. కాక మాత్రం పైసలు లెక్కవెట్టుకోని జేబుల పెట్టుకోని మంచం మీద కూసోమన్నడు, చాయ్ తెప్పిచ్చిండు. సేటుకు పోయి ఇగ నుంచి రైతు ముంగట చెప్పిన తరుగు తప్ప నేను రాయ అని చెప్తే ఆ వారమే పని తీసేసిండు, రెండు నెలలు ఇంట్ల ఉన్న, నా భార్య కూలికి పోయింది. తర్వాత అప్పు తెచ్చి సొంత కాంటా కొనుక్కోని కిరాయికి తిప్పుతున్న. నిజాయితీగ ఉంటే వెంటనే దేవుడు రెండింతలు ఇస్తడని నేను చెప్ప, నాకు అట్ల కాలే, ఆ రెండు నెలలు కష్టంగనే గడిచినయి.

ఎవరు మీరు, ఎందుకొచ్చిర్రు, ముందే చెప్పండి

ఒక ఇంటికి పోతున్నరు అనుకోండి. ఆరోగ్య శిబిరం అని పిలిచి ప్రసంగం పెట్టుడు, ట్యూషన్ అని పిల్లలను కూసోవెట్టి మధ్యల ప్రార్థన చెప్పించుడు, సర్వే అని పేర్లు రాసుకోని తర్వాత ఫోన్లు జేసుడు, ఇట్ల కొందరు జేస్తరు, మంచి ఉద్దేశంతోనే జేస్తున్నం అంటరు. చెయ్యకండి. పౌలు 2 కొరింథీ 4:2ల రహస్యంగ జేసే సిగ్గుపనులు వదిలేసినం, కుయుక్తిగ నడుచుకోం, దేవుని వాక్యాన్ని వంచనగ బోధించం అని రాసిండు. నేను క్రైస్తవుణ్ణి, యేసు గురించి మాట్లాడాలని వచ్చిన, మీకు టైం ఉంటే కూసుంట లేకపోతే పోత అని చెప్పండి. ఇంత సూటిగ చెప్తే చాలామంది పొమ్మంటరేమో అని భయం ఉంటది, నాకు తెలిసి సగం మంది కూసోమనే అంటరు, మన ఊర్లల్ల ఇంటికొచ్చినోళ్లకు నీళ్లు ఇయ్యకుండ పంపరు.

సాయం సంగతి ఇంకా జాగ్రత్త. బియ్యం, దుప్పట్లు, పిల్లల ఫీజులు, వీటికి ప్రార్థనకు ముడి పెట్టకండి. సాయం జేస్తే అందరికి జేయండి, ఆ రోజు వాక్యం లేకుండ జేయండి, ఫోటో లేకుండ జేయండి. ఈ సంగతిల నాకు ఎప్పుడు యాదికొచ్చేది ఒంగోలు క్లౌ దొర. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ, సర్వే పని నేర్చినోడు, 1876-78 కరువుల జనం చచ్చిపోతుంటే బకింగ్‌హామ్ కాలువల మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్ట్ తీసుకోని వేలమందికి కూలి ఇచ్చిండు. ఆ కాలంల బాప్తిస్మం ఇమ్మని జనం ఎంత అడిగినా ఇయ్యలే, దగ్గర దగ్గర 15 నెలలు ఆపిండు, తిండి కోసం వస్తున్నరో దేవుని కోసం వస్తున్నరో తెల్వాలె గదా. కరువు సాయం అయిపోయినంక, ఇగ ఇచ్చేదేం లేదు అని చెప్పినంక కూడ జనం వచ్చిర్రు, 1878 జూలై 3న వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మ వాగుల ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అయింది. ఆ 2,222 నంబరు అందరు గొప్పగ చెప్తరు, దానికి ముందు ఆపిన 15 నెలల గురించి ఎవ్వరు చెప్పరు. నాకైతే ఆ ఆపుడే పెద్దగ కనిపిస్తది.

మన దిక్కు కూడ చరిత్ర ఉంది. రష్యా దేశపు మెన్నోనైట్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబంల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ 1890ల నల్లగొండకు వచ్చిండు, తర్వాత అమెరికా మెన్నోనైట్ బ్రెదరెన్ వాళ్లు పాలమూరు దిక్కు దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాక పని జేసిర్రు, జడ్చర్లల దవాఖాన నడిపిర్రు. మా అమ్మమ్మ తరం వాళ్లు ఇప్పటికి మిషన్ దవాఖాన అంటే చెయ్యెత్తి మొక్కుతరు, వాళ్లల్ల సగం మంది చర్చి గడప తొక్కనోళ్లే.

నోరు తెరిచేముందు వినండి, నోట్ల కొన్ని మాటలు తీసేయండి

మనకు అలవాటైన మాట ఒకటుంది, అన్యులు. మందిరంల ప్రార్థన జేస్తూ "మా ఊర్ల అన్యజనులను మార్చు ప్రభువా" అని మైకుల అంటం, బయట అదే మైకు పక్కింటి ఆమెకు వినిపిస్తది, మొన్న మన బిడ్డ పెండ్లికి కారం దంచిపెట్టిన ఆమెకు. ఆమె అన్య ఎట్ల అయితది. ఆ మాట తీసేయండి. రాళ్లకు రప్పలకు మొక్కుతరు, సైతాను పూజ, ఇవన్ని తీసేయండి. అపొస్తలుల కార్యములు 19:37ల ఎఫెసు ఊరి అధికారే జనం ముంగట చెప్పిండు, వీళ్లు గుడి దోచినోళ్లు కాదు, మన దేవతను దూషించినోళ్లు కాదు అని. అప్పటికే పౌలు ఆ ఊరి దిక్కు రెండేండ్లకు పైగ బోధించిండు. ఆయనను ఒప్పుకోని ఊర్ల, ఆయన మీద గొడవ జరిగిన రోజున, బయటి మనిషి ఆయన తోటోళ్ల దిక్కు ఇట్ల సాక్ష్యం ఇచ్చిండంటే ఎంత జాగ్రత్తగ మాట్లాడి ఉండాలె.

ప్రసాదం సంగతి అందరు అడుగుతరు కాబట్టి జర ఎక్కువ రాస్త. సద్దుల బతుకమ్మ నాడు పక్కింటామె నువ్వుల సద్ది, పులిహోర గిన్నెల పెట్టుకోని వస్తది, చెర్వుగట్టు జాతరకో కురుమూర్తికో పోయొచ్చినోళ్లు ప్రసాదం తెస్తరు. తినొచ్చా తినొద్దా అన్నది మన సంఘాలల్లనే ఒక మాట లేదు, 1 కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి మీ మనస్సాక్షికి తేల్చుకోండి. నేను చెప్పేది వేరే. మా వాడల ఒక అక్క వద్దనలేక చేతుల తీసుకుంది, నవ్వింది, పక్కింటామె మలుపు తిరగంగనే పోయి కుడితి తొట్టిల పడేసింది. ఆ ఇచ్చిన ఆమె గిన్నె మర్చిపోయినా అని వెనుకకు వచ్చింది. బర్రె మూతి పెట్టి తింటుంటే చూసింది. ఒక్క మాట అనలే, గిన్నె తీసుకోని పోయింది. ఆరేండ్లయింది, ఇప్పటిదాక ఆ ఇంటినుంచి ఈ ఇంటికి చారెడు ఉప్పు కూడ రాలే.

తినేది ఉంటే తినండి, తినేది లేకపోతే మొఖం మీదనే మర్యాదగ చెప్పండి, "వదినా, దేవునికి పెట్టింది మేము తినం, మనసుల పెట్టుకోకు, పండుగ తర్వాత ఇంట్ల ఉట్టిగ పులిహోర జేసినప్పుడు నాకు పెద్ద గిన్నె పంపాలె." వాళ్లకు బాధ అయితది, కొద్దిగ. గని అబద్ధం ఆడలేదని తెలుస్తది.

వినుడు అంటే, వాళ్ల దేవుని గురించి వాళ్లను చెప్పనియ్యండి. ఎల్లమ్మకు బోనం ఎందుకు ఎత్తుతుందో పక్కింటామె చెప్తే వినండి, కొడుకుకు జ్వరం తగ్గాలని మొక్కుకుంది, తగ్గింది, ఎత్తుతుంది. ఆమె కన్నీళ్లు నిజం. మధ్యల దూరి "అది కాదు వదినా" అనకండి. 1 పేతురు 3:15ల కూడ మీ నిరీక్షణ గురించి అడిగేటోళ్లకు సమాధానం చెప్పండి అని ఉన్నది, దాని పక్కనే సాత్వికంతోని, భయంతోని అని ఉన్నది. అడిగేటోళ్లకు అన్నడు, అడిగేంత దాక మన బతుకు వాళ్లు చూస్తనే ఉంటరు.

సాక్ష్యం జరిగినంతే చెప్పండి

మన నల్లగొండల ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, మర్రిగూడ, మునుగోడు దిక్కు నీళ్ల వల్ల నడుములు వంగిపోయినోళ్లు, మోకాళ్లు పట్టుకున్నోళ్లు ఎంతమంది. ఆ నొప్పి ఉన్న ముసలామె దగ్గరకు పోయి ప్రార్థన జేస్తే లేచి నడుస్తవు అని చెప్పుడు ఎంత పెద్ద పాపమో ఆలోచించండి. ఎముకల ఏండ్ల తరబడి పేరుకున్న ఫ్లోరైడ్ అది. ప్రార్థన జేయండి, నేను జేస్త, దేవుడు చెయ్యగలడని నమ్ముత. గని జరగకముందే జరిగిందని చెప్పకండి, జర తగ్గితే పూర్తిగ పోయిందని చెప్పకండి, దవాఖాన మందులతోని తగ్గింది ఉంటే డాక్టర్ పేరు దాచకండి. షుగర్ గోళీలు, మూర్ఛ గోళీలు, టీబీ మందులు ఆపమని ఎవ్వరు చెప్పినా, ఎంత పెద్ద సేవకుడు చెప్పినా, అక్కడనే అడ్డుపడండి. టీబీ మందు మధ్యల ఆపితే రోగం మొండిపడతది, ఇంట్లోళ్లకు కూడ అంటుకుంటది. మహిమలతోని రోగాలు తగ్గుతయని ప్రకటనలు ఇచ్చుడు మీద 1954 సంది దేశంల చట్టమే ఉన్నది, వాల్ పోస్టర్ అచ్చు కొట్టించేముందు అది గూడ మనసుల ఉంచుకోండి.

సొంత సాక్ష్యంల కూడ ఇదే. కొందరు రక్షణకు ముందు బతుకును మస్తు నల్లగ చూపెడతరు, తాగుబోతును, రౌడీని అని, వినేటోళ్లల్ల చిన్నప్పటి దోస్తు ఉంటే ఏమనుకుంటడు. మీరు బీడీ ఒక్కటే తాగేటోళ్లయితే బీడీ అనే చెప్పండి. నేను కాంటా సంగతి చెప్పుకునేటప్పుడు 12,000 పంచిన అని చెప్త, గని అంతకు ముందు మూడు సీజన్లు కూడ అదే పని జేసిన, ఆ లెక్కలు దొరకలే, వాటికి ఎవరికి ఏం ఇయ్యలేకపోయిన, అది కూడ చెప్త. చెప్పకపోతే సగం సాక్ష్యమే అయితది.

వీడియోల గురించి ఒక్క ముక్క. ఎవరన్న ఏడుస్తుంటే, ప్రార్థన జేయించుకుంటుంటే ఫోన్ తీయకండి. వాళ్ల అనుమతి లేకుండ యూట్యూబ్‌ల పెట్టకండి, అనుమతి ఇచ్చినా ఒక వారం ఆగి మళ్ల అడగండి.

మైకు, కరపత్రాలు, పిల్లలు

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట లౌడ్‌స్పీకర్ పెట్టొద్దని 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నియమాలల్ల ఉంది. మనం తొమ్మిదికే ఆపేద్దం, పక్కింట్ల పదో తరగతి పరీక్షలు రాసే పిల్ల ఉంటే అసలు బాక్సే పెట్టొద్దు. పర్మిషన్ పోలీస్ స్టేషన్‌ల తీసుకోవాలె, సర్పంచ్‌కు చెప్పాలె, ఆ కాగితం జేబుల పెట్టుకోవాలె. గుడి ముంగట, దర్గా ముంగట కరపత్రాలు పంచకండి, జాతర బస్సుల అసలే వద్దు. తిరుమల లాంటి క్షేత్రాల కాడ వేరే మత ప్రచారం ఆపుతూ 2007ల ఉమ్మడి రాష్ట్రంల చట్టం తెచ్చిర్రు, చట్టం సంగతి పక్కన పెట్టినా, మొక్కు తీర్చుకోనీకే పిల్లజెల్లతోని వచ్చినోళ్ల చేతుల మన కాగితం పెడితే మన మందిరం గేటు కాడ ఎవరన్న వాళ్ల కాగితం పంచినట్టే గదా.

రాజ్యాంగం 25వ అధికరణంల మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం జేసే హక్కు అందరికి ఇచ్చింది, శాంతిభద్రతలకు, నీతికి, ఆరోగ్యానికి లోబడి. ప్రచారం జేసే హక్కు అంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977ల స్టానిస్లాస్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తెలుసుకోని ఉండండి, ఎవరన్న ఆపితే గొంతు పెంచకుండ మాట్లాడొచ్చు.

పిల్లల విషయంల నాది గట్టి మాట. సెలవులల్ల వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పెడితే బయటి పిల్లలు కూడ వస్తరు, పాటలు, బిస్కెట్లు ఉంటయి కాబట్టి. తల్లిదండ్రి ఇంటికి పోయి ఇది బైబిల్ పాఠశాల, యేసు కథలు చెప్తం, మీకు ఇష్టమైతే పంపండి అని చెప్పకుండ ఒక్క పిల్లను కూసోవెట్టకండి. పిల్లలతోని చేతులెత్తించుడు, నిర్ణయం తీసుకున్నరని లెక్కలు రాసుడు మానేయండి.

ప్రార్థన పాయింట్ పేరు మీద ముచ్చట్లు

ఒకామె తన భర్త కొడుతున్నడని ఏడ్చుకుంట చెప్తది, మనం సాయంత్రం కూడికల "ఫలానా అక్క కోసం ప్రార్థన జేద్దం, వాళ్లింట్ల సమాధానం లేదు" అంటం. తెల్లారేసరికి బోరింగ్ కాడ ఆడోళ్లందరికి తెలిసిపోతది. ప్రార్థన దేవునికి జేసేది, ఆయనకు పేరు తెలుసు, మైకుల చెప్పే పని లేదు. నిజంగ కొడుతున్నడంటే ప్రార్థన జేసి సర్దుకోమని పంపకండి, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఇయ్యండి, అవసరమైతే వెంట పోండి.

ఎవరన్న బాప్తిస్మం కావాలంటే

సంతోషపడండి, గని ఆ రోజే వాగుకు తీసుకపోకండి. ముందు కూసోవెట్టి కష్టనష్టాలు చెప్పండి, లూకా 14ల యేసు గోపురం కట్టేటోడు ముందు ఖర్చు లెక్కేసుకుంటడు గదా అన్నడు. మన దిక్కు మందిరాలల్ల ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినోళ్లమే, కాబట్టి ఈ సంగతి దాచుడు పెద్ద మోసం: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండె, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిర్రు, క్రైస్తవులను కలపలే. మన రాష్ట్రంల క్రైస్తవంలకు మారిన ఎస్సీలు బీసీ-సీ (వెనుకబడిన తరగతులల్ల ఒక గ్రూపు) కిందికి వస్తరు. చదువుకునే పిల్లలు ఉన్న తల్లిదండ్రికి ఇది చెప్పకుండ బాప్తిస్మం ఇచ్చి, తర్వాత "సర్టిఫికెట్ల ఏదుంటే ఏంది, దేవునికి హృదయం కావాలె" అని దాటేసే అయ్యగార్లను చూసిన, బాధ అనిపిస్తది. ఈ చట్టం న్యాయంగ లేదని నేను కూడ అనుకుంట, కోర్టుల కేసు ఏండ్ల సంది నడుస్తుంది, కొట్లాడేది అక్కడ కొట్లాడాలె. అంతవరకు మనిషికి నిజం చెప్పి, ఆలోచించుకోనీకే టైం ఇచ్చి, ఏం నిర్ణయం తీసుకున్నా తోడు ఉండాలె.

ఆడోళ్లు ఒక్కళ్లే నమ్మి భర్తకు తెల్వకుండ కూడికకు వస్తుంటే, మార్కెట్‌కు పోతున్న అని చెప్పి రమ్మని సలహా ఇయ్యకండి. వాళ్లింట్ల ఒకరోజు అది బయటపడతది, అప్పుడు ఆ ఇంట్ల యేసు పేరు అబద్ధానికి ఇంకొక పేరు అయితది. వీలైతే సంఘ పెద్ద, ఆయన భార్య ఇద్దరు కలిసి పోయి ఆ భర్తతోని మాట్లాడాలె, ఆయన వద్దంటే ఆమె ఇంట్లనే ప్రార్థన జేసుకుంటది, దేవుడు వింటడు.

సంఘం పైసలు కూడ ఒక మాట. ఎంత కానుక వచ్చింది, ఎంత కరెంటు బిల్లుకు పోయింది, ఎంత పాస్టర్ గారికి ఇచ్చినం, నెలనెలా ఒక కాగితం మీద రాసి గోడకు అతికించండి, బయటోళ్లు వచ్చి చదివినా ఫరక్ పడనట్టు. బయటి దేశం పైసలు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండ ఎవరి సొంత ఖాతాల పడినా తప్పే.

వద్దన్నోళ్లతోని

వద్దు అంటే వద్దే. యేసు తన శిష్యులకు, ఎవరన్న మిమ్మల్ని చేర్చుకోకపోతే కాళ్ల దుమ్ము దులుపుకోని పోండి అన్నడు, పట్టుకోని వేలాడమని అనలే. గని మనం ఒకే ఊర్ల ఉంటం, ఒకే బోరింగ్, ఒకే రేషన్ షాపు, కాబట్టి మాట ఆపాలె, మనిషిని ఆపొద్దు. చావు అయితే పోండి, పాడె మోయమంటే మోయండి. వాళ్ల పొలంల పని పడితే చెయ్యండి. మళ్ల మళ్ల ఎత్తకండి, వాళ్లే అడిగితే చెప్పండి.

కాక ఇప్పటికి మందిరానికి రాలే. ఒక్కసారి అడిగిన, "నాకు నా రామలింగేశ్వరుడు ఉన్నడు బిడ్డా" అన్నడు, అప్పటినుంచి అడగలే. వానాకాలం, యాసంగి రెండు పంటలకు నా కాంటానే పిలుస్తడు. సంక్రాంతికి వాళ్లింటి నుంచి సకినాలు వస్తయి, క్రిస్మస్‌కు మేము కేకు పంపుతం. డిసెంబర్‌ల ఆయన చిన్నకొడుకు అయ్యప్ప మాల మీద ఉంటడు కాబట్టి గుడ్డు లేని కేకు చేయిస్తం. మీరు కూడ చుట్టుపక్కలోళ్లకు పంపేదుంటే ఎవరు మాల మీద ఉన్నరో ముందు అడుక్కోండి, బేకరీల రెండు రోజుల ముందే చెప్పాలె, క్రిస్మస్ ముందురోజు పోతే గుడ్డు లేనిది దొరకదు.